ఒకరోజు ముందొచ్చిన అమావాస్య

ఆ రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ని. పుట్టిన తేదీ ప్రకారం అరవైకి అయిదు నెలలు తక్కువ. కానీ మనిషి వయసును పుట్టిన తేదీ నుంచే లెక్కించాలన్న నియమం ఎక్కడా రాసిలేదు. చేనేత సహకార సంఘంలో కొలతల గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి, విరమణ పొందిన మరునాడు మొదలుపెట్టి నేను హాకీ అభిమానినయ్యాను. ఆ లెక్కన ఈ సంగతి జరిగేనాటికి నా వయసు ఒక సంవత్సరం ఏడు నెలలు. ఆ వయసు పిల్లలు చేసే పనులన్నీ నేనూ చేశాను. అర్థంకాని చోట ఏడ్చాను, పట్టుకున్నది వదలమంటే వదలలేదు, తెలిసిన పది మాటలనే రోజంతా తిప్పి తిప్పి చెప్పాను. (ఆ పది మాటలూ అంకెలే.) రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది చలికాలంలో జరిగిన ఈ కథను ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒకటే: ఇందులో నా లెక్క ఒకటి తప్పింది. తప్పిన లెక్కను బయటపెట్టడానికి మనిషికి కొంత వయసు రావాలి. ఇప్పుడు వచ్చింది.

మా కొత్తకోట అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. (ఇప్పుడు వనపర్తి జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాయే కదిలింది.) బెంగళూరు పోయే బస్సులు టీ కోసం ఆగే పెద్ద రోడ్డు నుంచి లోపలికి రెండు వందల పది అడుగులు వేస్తే మా చేనేత వీధి, అందులో నలభై రెండు మగ్గాలు. ఈ వీధికి హాకీ ఎలా పట్టిందో చెప్పే కాగితం నాకు ఎక్కడా దొరకలేదు కనుక నేను చెప్పను. ఎప్పుడో బడిలో ఒక డ్రిల్లు సారు పిల్లలకు కర్రలిచ్చి, బదిలీ మీద పోతూ వాటిని తిరిగి తీసుకోవడం మరిచిపోయాడని మా బావ అంటాడు. బావ అంటే మా అక్క భర్త. జట్టుకు శిక్షకుడూ ఆయనే, వీధిలో మగ్గాల పెద్దా ఆయనే. ఏ దినం మగ్గాలు ఆగాలో చెప్పే అధికారం ఆయనది. ఆయనకు అంకెల మీద నమ్మకం లేదు. ఆటగాడి ముఖం చూసి గెలుస్తామో లేదో చెప్పగలనంటాడు. ఆయన చెప్పినవి నేను రాసిపెట్టాను. పన్నెండింటిలో పదకొండు తప్పు.

జట్టుకు నాయకుడు ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు. వాణ్ని అందరూ నాడె అని పిలిచేవారు. మగ్గం మీద నాడె ఎలాగైతే ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు క్షణం ఆగకుండా పరుగెడుతుందో, వాడూ మైదానం మీద అలాగే పరుగెత్తేవాడు. బంతి వాడి కర్రకు అంటుకుని ఉండేది, ఎవరూ లాక్కోలేకపోయేవారు. అయితే వాడు కుడి గీత నుంచి ఎడమ గీతకు, ఎడమ గీత నుంచి కుడి గీతకు పోయేవాడే తప్ప గోలు వైపు పోవడం ఎప్పుడో గాని జరిగేది కాదు. ఒక ఆటలో వాడు అడ్డంగా పరుగెత్తిన దూరాన్ని నేను అడుగుల్లో లెక్కగట్టాను. నిలువుగా పరుగెత్తి ఉంటే వనపర్తి చేరుకునేవాడు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు కలిసి ఆడుకునే ఆ లీగులో ఎనిమిది జట్లు. ఒక్కొక్కటి మిగతా ఏడింటితో ఒక్కో ఆట ఆడాలి. మొదటి నాలుగు స్థానాల్లో నిలిచినవాళ్లు ప్లేఆఫ్‌కు పోతారు. ప్లేఆఫ్ ఆశావహుల గురించి అప్పట్లో నాకు చాలా గట్టి అభిప్రాయాలుండేవి. హాలియా జట్టుకు ఎదురులేదు. సాగర్ కాలువ కింద వరి అన్నం తిని పెరిగిన పిల్లలు, వాళ్లు కొట్టిన బంతిని ఆపాలంటే కర్ర చాలదు, గోడ కావాలి. ఆరింటికి ఆరు గెలిచారు. నల్లగొండవాళ్లు బంతిని ఒకరికొకరు పెళ్లిలో తాంబూలాల్లా అందించుకునేవారు. పాలమూరువాళ్లు మొదటి అరగంట నిద్రపోయి చివరి అరగంటలో లేచేవారు. ఈ ముగ్గురి స్థానాలు ఖాయమైపోయాయి. నాలుగో స్థానంలో తొమ్మిది పాయింట్లతో అచ్చంపేట. నల్లమల అంచున గుట్టలెక్కి దిగిన కాళ్లు, ఆట ముగిశాక కూడా వాళ్లకు ఆయాసం ఉండేది కాదు. అయిదో స్థానంలో ఏడు పాయింట్లతో మేము. అంతకుముందు ఏడాది ఎనిమిదింటిలో ఎనిమిదోవాళ్లం. మిగిలింది ఒకే ఆట, అదీ అచ్చంపేటతో, అదీ మా మైదానంలో. గెలిస్తే మూడు పాయింట్లు, అంటే పది, ప్లేఆఫ్. సమంగా ముగిస్తే ఎనిమిది, ఇంటికి.

ఇంటికి అన్న మాట ఇక్కడ ఊరికే రాయలేదు. ఆటల కోసం పిల్లలు మగ్గాలు వదిలిపోతున్నారని వీధి పెద్దలు ఆ ఏడాది మొదట్లోనే ఒక మాట అనేశారు: ఈసారి కూడా మొదటి నాలుగులో లేకపోతే కర్రలన్నీ అటకెక్కాలి, జట్టు బందు. మగ్గాల పెద్దగా ఆ మాట అందరి ముందు చదివింది మా బావే. శిక్షకుడిగా దాన్ని విని తలవంచుకున్నదీ ఆయనే.

నా దగ్గర ఒక పుస్తకముండేది. (ఇప్పటికీ ఉంది, రెండుసార్లు అట్ట మార్చాను.) సంఘంలో చీరలు కొలిచిన అలవాటు చొప్పున ప్రతి ఆటకూ ఒక వరుస, ప్రతి వరుసకూ గడులు: తేదీ, వారం, మైదానం, గాలి వీచిన దిక్కు, కొట్టిన గోల్స్, కొట్టినవాడి పేరు, పెనాల్టీ కార్నర్లు, తిథి. హాకీకి తిథితో పనేమిటని అడగవచ్చు. సంఘం రిజిస్టరులో తిథి గడి ఉండేది. మా మగ్గాలకు ఆదివారం సెలవు లేదు, అమావాస్యే సెలవు. ఆ గడిని నేను అలవాటుగా గీసుకున్నాను, తీసివేయడానికి తగిన కారణం కనబడలేదు. ఒకనాడు మధ్యాహ్నం వేరుశనగ కాయలు ఒలుస్తూ ఆ గడి మీద వేలు నడిపిస్తే నా వేలు ఆగిపోయింది. రెండేళ్లలో ఆడినవి పదమూడు ఆటలు. గెలిచినవి మూడు. ఆ మూడూ అమావాస్య నాడే. మిగతా తిథుల్లో ఆడిన పదింటిలో గెలుపు సున్న.

పుస్తకం పట్టుకుని బావ ఇంటికి పోయాను. ఆయన గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని ఉన్నాడు. చెప్పింది విని, మగ్గం ఆపకుండానే, "ఏంది బామ్మర్ది, రిటైరయినంక జాతకాలు వట్టినవా?" అన్నాడు. జాతకం కాదని, కారణం శుద్ధ గణితమని ఓపికగా వివరించాను. మామూలు రోజున మా పిల్లలు తెల్లారింది మొదలు రెండింటిదాకా మగ్గం తొక్కి, అవే కాళ్లతో మైదానానికి వస్తారు. అమావాస్య నాడు మగ్గాలు నడవవు, కాళ్లు విశ్రాంతిగా ఉంటాయి, గెలుస్తారు. విశ్రాంతి అన్న మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీసి తెచ్చాను. బావ ఆ గీతలను కాసేపు చూసి, "మరి గిది ముందుగాల ఎందుకు జెప్పలె?" అన్నాడు. ఆయన నా అంకెను ఒప్పుకోవడం అదే మొదటిసారి. తేదీ నా పుస్తకంలో ఉంది.

అదృష్టం కూడా కలిసొచ్చినట్టే కనబడింది. చివరి ఆటకు ఫలానా పది రోజుల్లో వీలైన దినం మీరే రాసి పంపండి, రాసిన తర్వాత మార్చడానికి వీల్లేదు అని లీగు కార్యదర్శి (ఆయనా ఒక డ్రిల్లు సారే) ఉత్తరం పంపాడు. గోడ క్యాలెండరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆదివారం గడిలో స్పష్టంగా అచ్చువేసి ఉంది: చతుర్దశి ఉదయం 11–40 వరకు. అంటే పదకొండు గంటల నలభై నిమిషాలు దాటగానే అమావాస్య ప్రవేశం. ఆట నాలుగు గంటలకు. ఆటకు నాలుగు గంటల ఇరవై నిమిషాల ముందే అమావాస్య వచ్చి కూర్చుంటుంది. ఇంతకన్నా కచ్చితమైన లెక్క నా జన్మలో చేయలేదనుకున్నాను. ఆదివారమని రాసి, పదమూడు ఆటల పట్టికను జత చేసి, 'అమావాస్య ఘడియల్లో ఆడుట మాకు అనుకూలమని పై అంకెల వలన రుజువగుచున్నది' అని ఒక వాక్యం కూడా చేర్చి పంపాను. ఆ వాక్యం అనవసరం. పట్టిక కూడా అనవసరమే. కానీ అప్పుడు నా వయసు ఒక సంవత్సరం ఏడు నెలలు.

ఆ ఉత్తరం నకలు అచ్చంపేటకు చేరింది. రెండో రోజే వాళ్ల జట్టు మేనేజరు ఫోను చేశాడు. ఆయనకు విత్తనాల దుకాణం ఉండేది కాబట్టి అందరూ విత్తనాల సేటు అనేవారు. చాలా మర్యాదస్తుడు. తారీఖు జర మార్చుకుందామా అని మొదలుపెట్టి, అమావాస్య నాడు పిల్లలను బండెక్కించడానికి ఇళ్లల్లో ఆడవాళ్లు ఒప్పుకోవడం లేదని చెప్పి, ఆడవాళ్ల పేరు పెడుతున్నాను గానీ నిజానికి నాకే మనసొప్పడం లేదని ఒప్పుకున్నాడు. ఇందులో భయపడవలసింది ఏమీ లేదని, ఇది పదమూడు ఆటల లెక్క అని నేను ధైర్యం చెప్పాను.

"గదే భయం సార్," అన్నాడు సేటు. "మామూలుగ చేసేటోళ్లు ఒక్కసారి చేసి ఊకుంటరు. మీరు లెక్కవెట్టి చేస్తున్నరు."

ముప్పై నాలుగేళ్ల కొలతల గుమాస్తాను మంత్రగాడనడం నాకు మహా కష్టంగా తోచింది. తారీఖు మారదని ఖండితంగా చెప్పాను. అయితే బుధవారం నాడు ఆయనే మళ్లీ ఫోను చేసి, ఎంతో ఉత్సాహంగా, ఆదివారమే ఖాయమని, మాట మీద ఉండాలని, మార్చవద్దని కోరాడు. నా పట్టికను నిదానంగా చదివి ఆయన మూఢనమ్మకం వదులుకున్నాడని భావించి, ఆ సంగతి మా ఇంటావిడకు గర్వంగా చెప్పుకున్నాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటావిడ కండెలు చుడుతూ, మాటల సందున, ఆదివారం మగ్గాలు నడిచే దినం కదా, ఆ దినమే ఆట ఎందుకు పెట్టినట్టు అని అడిగింది. ఆదివారం అమావాస్య అన్నాను. అమావాస్య సోమవారం అన్నది. నేను జాలిగా నవ్వి, క్యాలెండరు దించి, పదకొండు నలభై మీద వేలు పెట్టి చూపించాను.

"పొద్దుపొడువంగ ఏ తిథి ఉన్నదో గదే దినమంత. ఆదివారం పొద్దుగాల చతుర్దశి ఉంటది, ఇగ మగ్గం ఎట్లాగుతది?" అన్నది. తర్వాత చర్ఖా తిప్పుతూనే, "మగ్గానికి గడియారం గట్టినవా అయ్యా?" అని అడిగింది.

నేను క్యాలెండరును తిరిగి మేకుకు తగిలించాను. ముప్పై నాలుగేళ్లు మా సంఘం రిజిస్టరులో సూర్యోదయపు తిథినే రాశాను. నా సొంత పుస్తకంలో పదమూడు ఆటలకూ సూర్యోదయపు తిథినే రాశాను. పద్నాలుగో ఆటకు మాత్రం, అది మరీ ముఖ్యమైన ఆట గనుక, మరీ కచ్చితంగా నిమిషాల్లోకి దిగాను. నిమిషాల్లోకి దిగి దినాన్ని పోగొట్టాను. సేటు ఉత్సాహానికి కారణం కూడా అప్పుడే అర్థమైంది. ఆయన నా పట్టిక చదవలేదు. వాళ్ల పంతులుకు చూపించాడు. పంతులు ఒక్క క్షణంలో చెప్పి ఉంటాడు, ఆదివారం అమావాస్య కాదని.

సాయంత్రం బావ దగ్గరికి పోయాను. చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ నిలబడితే ఆయనే, ఎవరన్నా పోయారా అని అడిగాడు. జరిగింది చెప్పాను. నిజం చెప్పాలంటే ఆయన కోపగించుకుంటే బాగుండేది. నవ్వడం మొదలుపెట్టాడు. గుంటలోంచి లేవలేక, మగ్గం పన్నె పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పుట్టినకాంచి చీర అంగులం తక్కువున్నదని వాపసు పంపినవ్," అన్నాడు చివరికి. "ఇయ్యాల నీ లెక్కనే ఒక దినం తక్కువొచ్చింది. ఎవలకు వాపసియ్యాలె?"

ఆటగాళ్లవి పదకొండు మగ్గాలే కదా, వాటినే ఆదివారం ఆపితే సరిపోతుంది కదా అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. మా వీధిలో మగ్గం ఒంటరిగా ఆగదని నాకు తెలియకపోలేదు. ఒక ఇంట్లో మగ్గం ఆగి పక్కింట్లో నడిచిందంటే ఆ ఇంట్లో ఏదో చెడు జరిగిందని అర్థం. ఏ తల్లీ తన ఇంటికి ఆ అర్థం రానివ్వదు. ఆగితే నలభై రెండూ ఆగాలి. పెద్దగా తాను అమావాస్యకు ఆపమని చెప్పగలడు గానీ చతుర్దశికి ఆపమని చెప్పలేడు. అది చెప్పడం కాదు, అడగడం. అడగవలసింది లెక్క తప్పినవాడు. రేపు పొద్దున్నే బయలుదేరు, ఇంటింటికీ పో అన్నాడు బావ.

శనివారం నాడు నేను చేసిన ఆ యాత్రను తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆ నలభై రెండు ఇళ్లలో ఒక్కటి కూడా లేదు, నేను చీర వాపసు పంపని ఇల్లు. నేను మరిచిపోయాననుకున్న సంగతులు వాళ్లు మరవలేదు. మొదటి ఇంట్లో ఆయన నాకు మంచినీళ్లిచ్చి, నేను నోరు తెరవకముందే, ఏ పండుగకు ఎన్ని రోజుల ముందు తన చీర అంచు వంకరని తిప్పి పంపానో చెప్పాడు. రెండో ఇంట్లో తేదీతో సహా చెప్పారు. అయిదో ఇంట్లో నా సంతకమున్న చీటీనే తెచ్చి చూపించారు. దేవుడి పటం వెనక దాచారట. జీవితమంతా నేను తేదీలను ప్రేమించాను; తేదీలు ఒక్కసారిగా తిరిగి వచ్చి నా మీద పడతాయని ఊహించలేదు. అయినా ఒక్కొక్క ఇంట్లోనూ నేను చెప్పింది ఒక్కటే: లెక్క నాది తప్పింది, మగ్గం మీరు ఆపాలి. తిట్టవలసినంత తిట్టి, ప్రతి ఇంట్లోనూ సరే అన్నారు. ఆశ్చర్యమేమిటంటే తిట్టు ఎంత పొడుగైతే సరే అంత తొందరగా వచ్చింది.

నలభై రెండో ఇల్లు వీధి చివరి అవ్వది. డెబ్బై ఆరేళ్ల మనిషి, అప్పటికీ తన మగ్గం తనే నేసేది. తప్పని మగ్గం, తగ్గని నోరు. నేను గడపలో నిలబడగానే మగ్గం ఆపింది.

"నా చీర అర్ధంగులం తక్కువని వాపసిచ్చినవ్ యాదికున్నదా?"

"ఉన్నదవ్వా."

"గా చీర సక్కగనే ఉన్నదని ఒక్క మాటను. రేపు మగ్గం ఆపుత."

వీధిలో అప్పటికే పదిమంది నా వెనక చేరారు. నాడె కూడా ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. నలభై ఒక్క ఇళ్లు గడిచి, జట్టు ఉండడమా పోవడమా అన్నది అవ్వ నోటి దగ్గర ఆగి ఉంది. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వినబడింది: "అర్ధంగులం తక్కువనే ఉండె అవ్వా. రెండుసార్లు కొలిచిన."

వెనక నుంచి నాడె, "మామా," అని మూలిగాడు. అవ్వ నన్ను కిందినుంచి మీదికి చూసింది. తర్వాత బోసినోటితో నవ్వి, "సావనన్న సస్తడు గని ఒక్క దారప్పోగు ఇయ్యడు వీడు," అని, చేతిలో ఉన్న మగ్గం నాడెను పక్కన పెట్టి, మగ్గం మీద బట్ట కప్పేసింది.

ఆదివారం తెల్లవారింది. వీధిలో మగ్గం చప్పుడు లేదు. మూడున్నరకు బడి మైదానంలో నేను లెక్కిస్తే మూడు వందల పన్నెండు మంది. మగ్గం ఆగినవాళ్లు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? పిల్లాజెల్లా అందరూ వచ్చారు. ఆ మైదానానికి ఒక గోలు వెనక సర్కారుతుమ్మలు, రెండో గోలు వెనక గోడ. జనం నిలబడడానికి జాగా రెండు పక్క గీతల మీదే. నిలబడ్డారు, భుజానికి భుజం ఆనించి. అచ్చంపేట బండి వచ్చి ఆగింది. సేటు నవ్వుతూ దిగి, ఆ జనాన్ని చూసి, నిశ్శబ్దంగా ఉన్న వీధిని చూసి, నవ్వు ఆపాడు.

"ఇయ్యాల అమావాస్య కాదంట గద?" అని బావను అడిగాడు.

"మాకు ఇయ్యాలనే," అన్నాడు బావ.

సేటు జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి తన గోలుకీపరుకు ఇచ్చాడు. తర్వాత సంచిలోంచి మిగతావి తీశాడు. మొత్తం పదహారు. పంతులు మాట మీద ఆయనకూ పూర్తి నమ్మకం లేదన్నమాట.

మొదటి అరగంటలో అచ్చంపేటవాళ్లు ఒక గోలు కొట్టారు. నా పుస్తకం ప్రకారం ముందు గోలు తిన్న ఆటను మేము ఎన్నడూ గెలవలేదు. ఆ సంగతి బావకు చెప్పబోతే ఆయన నా పుస్తకం మూసి దాని మీద కూర్చున్నాడు. విరామం తర్వాత ఎనిమిదో నిమిషంలో పెనాల్టీ కార్నర్ నుంచి మాకొక గోలు వచ్చింది. ఒకటి, ఒకటి. అక్కడ ఆగిపోయింది. సమం మాకు చాలదు. నిమిషాలు పోతున్నాయి. ఇంకా నాలుగు మిగిలాయనగా బంతి నాడెకు దొరికింది. దొరకగానే వాడు అలవాటు చొప్పున కుడి గీత వైపు పరుగెత్తాడు. ఆ గీత మీద మా అక్క, అంటే వాడి తల్లి, చీరకొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"ఇటెందుకొస్తున్నవ్‌రా? ఈడేమన్న అన్నం బెట్టిన్నా? గోలు అటున్నది," అన్నది.

వాడు బెదిరి వెనక్కు తిరిగి, ఇద్దరిని తప్పించుకుని, ఎడమ గీతకు పరుగెత్తాడు. అక్కడ అవ్వ చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. "ఈడ జాగ లేదు, పో," అని కర్ర ఎత్తింది.

రెండు గీతల మధ్య వాడొక్క క్షణం నిలిచిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడికి రెండే దిక్కులు తెలుసు. ఆ రెండూ మూసుకుపోయాయి. ఇక గత్యంతరం లేక నేరుగా పోయాడు. బంతి వాడి కర్ర నుంచి ఎప్పుడూ పోయేది కాదు కదా, ఇప్పుడూ పోలేదు. అచ్చంపేట పిల్లలు వాడు మళ్లీ పక్కకు తిరుగుతాడని పక్కలకు జరిగి నిలబడ్డారు. వాడు మధ్యలోంచి పోయి, గోలు ముందరి డీలోకి పోయి, కొట్టాడు. గోలుకీపరు ఒక చేతిలో నిమ్మకాయ ఉండడం వల్ల ఆపలేకపోయాడని సేటు తర్వాత అన్నాడు. నేను ఆ కోణం నుంచి చూడలేదు కనుక ధ్రువీకరించలేను. రెండు, ఒకటి. పాయింట్లు పది. ప్లేఆఫ్.

ఆ తర్వాత మిగిలిన నిమిషాల్లో ఏం జరిగిందో నా పుస్తకంలో లేదు. మూడు వందల పన్నెండు మంది అరుపులో ఈల ఎప్పుడు ఊదారో నాకు వినబడనే లేదు. బావ నన్ను ఎత్తుకున్నాడని మాత్రం తెలుసు. గాలిలో ఉండగానే నాకు తట్టింది. మేము గెలిచిన ఆ మూడు అమావాస్యలకూ చివరి గోలు కొట్టినవాడు నాడె. అమావాస్య నాడు వీధి మొత్తం మైదానానికి వచ్చేది. మిగతా రోజుల్లో నేనూ బావా ఇద్దరమే. కాళ్ల విశ్రాంతి కాదు, గీతల మీద మనుషులు. గాలి దిక్కు కూడా రాసుకున్న నేను చూడవచ్చినవాళ్లకు ఒక గడి గీయలేదు. "బావా, దించు, గడి గీయాలె," అన్నాను. దించలేదు. సేటు తెచ్చిన నిమ్మకాయలన్నీ మా అక్క పిండి, బిందెడు షర్బతు చేస్తే రెండు జట్లూ తాగాయి. సేటు రెండు గ్లాసులు తాగి, వచ్చే ఏడు ఏకాదశి నాడు ఆడదాం సార్ అన్నాడు.

ప్లేఆఫ్‌లో హాలియా మమ్మల్ని నాలుగు ఒకటితో ఓడించింది. ఆ ఒక్క గోలు నాడెది. నేను అక్కనూ అవ్వనూ బస్సులో తీసుకుపోయి చెరొక గీత మీద నిలబెట్టాను. హాలియా మీద ఆ ఏడాది గోలు కొట్టిన జట్లు చాలా తక్కువ. మా కర్రలు అటకెక్కలేదు, ఇప్పటికీ ఎక్కలేదు.

ఆ గెలుపు మరునాడు, సోమవారం, అసలు అమావాస్య. వీధిలో రెండో రోజు కూడా మగ్గాలు నిశ్శబ్దంగా ఉన్నాయి. నేను పుస్తకం తెరిచి పద్నాలుగో వరుస రాస్తూ తిథి గడి దగ్గర ఆగాను. నియమం ప్రకారం చతుర్దశి అని రాయాలి. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో మా ఇంటావిడ చూసి, ఏమైందని అడిగింది. చెప్పాను. "నిన్న మగ్గాలాగినయా లేదా?" అన్నది. ఆగాయన్నాను. "మరింకేంది," అని బియ్యం చెరగడానికి పోయింది. నేను ఆ గడిలో అమావాస్య అని రాశాను. పెన్సిలుతో కాదు, సిరాతో.

ఈమధ్య పంచాంగం తెలిసిన ఒక కుర్రవాడు పుస్తకం తిరగేస్తూ ఆ గడి మీద వేలు పెట్టి, ఇక్కడ తప్పుంది తాతా అన్నాడు. అవునన్నాను. దిద్దలేదు. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె చీర మాత్రం అర అంగుళం తక్కువే, నేను రెండుసార్లు కొలిచాను. ఆమె గడపలో నిలబడి ఆ అర అంగుళం ఇవ్వలేకపోయిన చిన్నవాడు, రెండు రోజులు తిరగకుండానే, ఒక పూర్తి దినాన్ని క్యాలెండరులోంచి తీసి వీధికి ఇచ్చేశాడు. ఆ వయసులో పిల్లలు ఎంత త్వరగా ఎదుగుతారో చూడండి.